నేను నున్నగా చేసిన ముఖం

ఆరేళ్లుగా ఒక మాట గొంతు దాకా వచ్చి వెనక్కి పోతోంది. ఎవరితోనైనా చెప్పేస్తే పోయేది. కానీ ఎవరున్నారు? జూలూరుపాడులో నాకు ఫోటో స్టూడియో ఉంది. పొద్దుటి నుంచీ మనుషుల ముఖాలే చూస్తాను. గడ్డం కొంచెం కిందికి, భుజం నిటారుగా, ఇటు చూడండి. ఇంతకు మించి నేను ఎవరితోనూ మాట్లాడను. నా భార్య పోయాక ఇంట్లో మాట్లాడే అవసరమూ తప్పింది. అందుకే పేరు చెప్పకుండా మీకు రాస్తున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే నాకు ధైర్యం.

స్టూడియో పెట్టింది మా అబ్బా, అంటే మా నాన్న. ఆయనకో పద్ధతి ఉండేది. పోయినవాళ్ల ఫోటో పెద్దది చేయమని ఎవరైనా తెస్తే వెంటనే పని మొదలుపెట్టేవాడు కాదు. ఇంటివాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి అడిగేవాడు. పుట్టుమచ్చ ఉందా? పాపిడి ఏ వైపు? నవ్వితే బుగ్గ సొట్ట పడేదా? అన్నీ కవరు వెనక రాసుకుని, ఆ తర్వాతే నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టేవాడు. నాకు అదంతా చాదస్తంగా ఉండేది. ఫోటో కళ్ల ముందుండగా మనుషుల్ని అడగడమేమిటని నవ్వేవాణ్ణి. ఆయన పోయాక ఆ స్టూలును పాస్‌పోర్టు ఫోటోలకు వాడుకున్నాను.

ఆ రోజుల్లో నేను నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనాలని తిరుగుతున్నాను. చీకట్లో తీసిన ఫోటో నిండా ఇసుక చల్లినట్టు రంగు చుక్కలు వస్తాయి కదా, వాటినే మేము నాయిస్ అంటాం. మూడు సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌కు దించుకున్నాను. ఒకటి చుక్కలు తీసేది గానీ చీర అంచు కూడా తుడిచేసేది. రెండోది పని బాగానే చేసేది, కాకపోతే నా పాత కంప్యూటర్ దాని బరువుకి మూలిగేది. మూడోది కొత్తది. ముఖాన్ని అదే గుర్తుపట్టి, లేని వివరాలు అదే నింపుతుందట. ఏది కొనాలో తేలలేదు. పెళ్లి ఫోటోల మీద ప్రయత్నిస్తే మూడూ ఒకేలా కనిపించాయి. వాటిలో వెలుతురు ఎక్కువ, పరీక్షకు పనికిరావు. బాగా చెడిపోయిన ఫోటో ఒకటి దొరికితే బాగుండునని నిజంగానే అనుకున్నాను. అనుకున్నట్టే దొరికింది.

అడవి వైపు గూడెం నుంచి భద్రమ్మ వచ్చింది. కూతురు జయ జ్వరంతో పోయి నెల. జయ భర్త అప్పటికే పనికని పోయి మళ్లీ రాలేదు. ఏడాదిన్నర మనవరాలు భద్రమ్మ చంకలో ఉంది. పొద్దుగూకాక గడప దగ్గర ఎవరో ఫోనులో తీసిన ఫోటో, జయది అదొక్కటే. ఫోనులోంచి మెమొరీ కార్డు తీయించి నా చేతిలో పెట్టింది. జాగ్రత్త అని రెండుసార్లు చెప్పింది.

నేను ఫోటో తెరిచి సంబరపడ్డాను. దాచడం దేనికి, సంబరమే. అంత నాయిస్ ఉన్న ఫోటో నా జన్మలో చూడలేదు. ఆ అమ్మాయి నాకు పోయిన మనిషిలా కనబడలేదు, పరీక్ష పేపర్‌లా కనబడింది. రెండు రోజులు అదే పని. మూడింటిలో వేసి, పెద్దవి చేసి, పక్కపక్కన పెట్టి చూశాను. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు ఉన్నాయి. చూశాను. మసకగా ఉన్నా ఉన్నాయి. ముందు పన్ను ఒకటి పక్క పన్ను మీదికి కొంచెం ఎక్కి ఉంది. అదీ చూశాను. చివరికి మూడో సాఫ్ట్‌వేర్‌లో, ఎంత తుడవాలో చెప్పే గీటును కుడి చివరిదాకా లాగాను. ఇసుకంతా పోయింది. పచ్చబొట్టూ ఆ ఇసుకలోనే పోయింది. పళ్లు వరసగా వచ్చాయి. కళ్లు పెద్దవయ్యాయి. ఎంత శుభ్రంగా ఉందో! సేవ్ కొట్టాను.

షాపులో పెట్టుకోవడానికి, బాగుచేయక ముందు ఎలా ఉందో, చేశాక ఎలా ఉందో చూపించే బొమ్మ ఒకటి చేద్దామని పాత ఫోటో తెరిచాను. అక్కడా ఆ నున్నటి ముఖమే ఉంది. నేను కార్డులోంచి ముందు కాపీ చేసుకోలేదు. నేరుగా కార్డు మీదే పని చేసి, పాతదాని మీదే కొత్తది సేవ్ చేసేశాను. మొదటి రెండు సాఫ్ట్‌వేర్లలో చేసినవైనా ఉన్నాయా? చూసి మూసేశాను, ఒక్కటీ దాచలేదు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చేవన్నీ ప్రయత్నించాను. సగం బూడిద రంగు అట్టముక్క ఒకటి వచ్చింది. ఇంతవరకూ జరిగింది పొరపాటు. పొరపాటుకి ఇన్నేళ్లు నిద్ర పాడవదని నాకు తెలుసు.

భద్రమ్మ వచ్చేసరికి ఫ్రేమ్ కట్టించి ఉంచాను. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ఒకాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఇది మా జయ కాదు గద బిడ్డా."

"జయనే పెద్దమ్మా. నువ్వు తెచ్చిన ఫోటోనే. సాఫ్ చేసిన, గంతే."

"గడ్డం మీద మూడు చుక్కలుండాలె. చిన్నగున్నప్పుడు నేనే పొడిపిచ్చిన. ఏమైనయ్?"

"చీకట్ల తీసిన్రు గద. పడలేదు."

"పండ్లు గిట్ల లేకుండె..."

"పోయినోళ్ల ముఖం మన మనసుల మెల్లగ మారిపోతది పెద్దమ్మా. ఏడ్చి ఏడ్చి ఉన్నవ్. ఫోటో మాత్రం మారదు."

స్టూలు మీదాయన కూడా మెడ సాచి చూసి, "అవ్, మస్తుగొచ్చింది," అన్నాడు. ఆయన జయను ఎప్పుడూ చూసి ఉండడు.

భద్రమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. "గట్లనేనా? నేనే మర్చిపోతున్ననా ఏంది?" అంది. కొంగుతో అద్దం తుడిచి తీసుకుపోయింది.

పోనీ, ఆ మూడు చుక్కలైనా పెట్టి ఇవ్వొచ్చు కదా? రెండు నిమిషాల పని. పెడితే ముఖం మార్చడం నా చేతిలోనే ఉందని తెలిసిపోతుంది. తర్వాత పళ్లు అడుగుతుంది, కళ్లు అడుగుతుంది, చివరికి అసలు ఫోటో చూపించమంటుంది. అంత దూరం ఆలోచించే అబద్ధమాడాను. ఒక తల్లి బిడ్డ ముఖాన్ని సరిగ్గా గుర్తుపెట్టుకుంటే, నువ్వే తప్పన్నాను. ఎందుకు? స్టూలు మీద కూర్చున్న మనిషి ముందు, పేరు కూడా తెలియని మనిషి ముందు, పని రానివాడిలా కనబడకూడదని.

ఆ సాఫ్ట్‌వేరే కొన్నాను, ఇప్పటికీ దాంతోనే పని చేస్తున్నాను. గూడెం వైపు మాత్రం చాలాకాలం పోలేదు. పోయినేడు అక్కడి బడి పిల్లల గుర్తింపు కార్డులకు ఫోటోలు తీయాల్సి వచ్చింది. తప్పించుకోలేకపోయాను. రెండో తరగతి పిల్ల ఒకతె వచ్చి కూర్చుంది. నవ్వకు అన్నాను. అనగానే ఫక్కున నవ్వింది. ముందు పన్ను పక్క పన్ను మీదికి ఎక్కి ఉంది. నా వేలు బటన్ మీదే ఆగిపోయింది. ఆ రెండు రోజులూ నేను కళ్లు చిట్లించి చూసిన ముఖం అది. ఇసుక లేదు, మసక లేదు, ఎండలో నా ఎదురుగా కూర్చుని ఉంది.

పిల్లను తీసుకుపోవడానికి భద్రమ్మ వచ్చింది. కళ్లకు పొరలు కమ్మాయి. గొంతు విని నన్ను గుర్తుపట్టి, వద్దన్నా వినకుండా చాయ్ తాగిపొమ్మని ఇంటికి తీసుకుపోయింది. గోడకు ఆ ఫోటో ఉంది. ఆ పూట వేసిన బంతిపూల దండ ఉంది. ఆమె దాని వైపు తిరిగి నాతో చెప్పింది.

"మొదట్ల పోల్చుకోలేకపోయిన బిడ్డా. నువ్వు చెప్పినంక రోజూ చూసిన. ఇప్పుడు కండ్లు మూస్తె గీ ముఖమే వస్తది. ఇంకో ముఖం రమ్మన్నా రాదు. నీ పుణ్యం."

చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని నాకు నేనే చెప్పుకున్నాను. చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? ఈ ముఖం అబద్ధమవుతుంది, ఆ ముఖం తిరిగి రాదు. ఇలా అనుకుని నోరు మూసుకున్నాను. ఇది దయా, పిరికితనమా? దయ అయితే చాయ్ గొంతు దిగేది.

అంతలో పిల్ల ఫోటో కింద నిలబడి అడిగింది. "అమ్మమ్మా, నేను అమ్మ లెక్క లేనెందుకు?"

"నీకు మీ అయ్య పోలికొచ్చింది బిడ్డా," అంది భద్రమ్మ, పిల్ల తల నిమురుతూ.

కాదు. ఆ పిల్లకు వచ్చింది తల్లి పోలికే. పన్నుతో సహా తల్లి ముఖమే. ఊళ్లో ఇంకెవరికైనా జ్ఞాపకం ఉందేమో నాకు తెలియదు. ఆ గదిలో మాత్రం ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. గ్లాసు కింద పెట్టి లేచి వచ్చేశాను. నన్ను మీరు క్షమించనక్కర్లేదు, క్షమించాల్సింది మీరు కాదు కూడా. ఆ పిల్ల అచ్చం వాళ్లమ్మలా ఉందని ఎవరో ఒకరితో అనాలనిపించింది. మీతో అన్నాను.