లాటిన్‌లో పలకరింపు

ఫాదర్ల బడిలో లాటిన్ ఎత్తేసిన ఏడాది మాస్టారు ఎవరితోనూ పోట్లాడలేదు. పోట్లాడితే చివరి లాటిన్ తరగతిలో మిగిలిన ముగ్గురు పిల్లలు ఆరుగురవుతారా? ఉద్యోగం మాత్రం ఉంచారు. ఏ టీచరైనా సెలవు పెడితే ఆ క్లాసులో కూర్చుని గోల కాకుండా చూడటం ఆయన పని. పిల్లలు ఆయనకు ‘ఆమెన్ మాస్టారు’ అని పేరు పెట్టారు, అన్నిటికీ తలూపుతాడని.

“బతికున్న భాషలు చెప్పేవాళ్ళకే దిక్కు లేదు. చచ్చినదాన్ని పట్టుకుని వేళ్ళాడితే ఏం ఒరుగుతుందండీ?” అనేది భార్య, ఇస్త్రీ చేస్తూ. ఆ మాటకూ తలూపేవాడు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒకావిడ స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. మెడలో కొలతల టేపు తియ్యడం మరిచిపోయి వచ్చేసింది. చర్చి పెద్ద ఫాదరు గారి చెల్లెలు, బట్టలు కుడుతుంది. మాస్టారికి చిన్నప్పుడు లాటిన్ నేర్పింది ఆ పెద్ద ఫాదరే. ఆయనకు పక్షవాతం వచ్చిందనీ, చెల్లెలు తన ఇంటికి తెచ్చుకుందనీ మాస్టారు విన్నాడు. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ వెళ్ళనేలేదు.

“అన్నయ్యకి మాట పోయిందండీ. నా పేరు కూడా రాదు. ప్రార్థనలు మాత్రం గడగడా చెప్పేస్తారు, అంతా లాటినే,” అంది. “మన మాట ఎటు కొట్టుకుపోయిందో, అది మాత్రం ఎలా నిలిచిందో! ఆ భాషలోనే పలకరిస్తే పలుకుతారేమోనని ఆశ. నాలుగు మాటలు నేర్పండి.”

“ఏం మాటలు కావాలమ్మా?”

“పెద్దవేం కాదు. నీళ్ళు కావాలా, నొప్పిగా ఉందా, నిద్ర పట్టిందా... పక్కకి తిప్పేటప్పుడు ఏమీ అనుకోకండి అని.”

మాస్టారికి ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. అన్నేళ్ళు యుద్ధాలూ రాజులూ ఉన్న పాఠాలు చెప్పాడు గానీ, లాటిన్‌లో ఒకరికి మంచినీళ్ళు ఇవ్వాల్సిన అవసరం ఎన్నడూ పడలేదు. ఆ సాయంత్రమే ఆమె ఇంట్లో కుట్టుమిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నీళ్ళు కావాలా అంటే ‘ఆక్వామ్ విస్’. నొప్పిగా ఉందా అంటే ‘దోలెత్‌నే’. ‘ఏమీ అనుకోకండి’ దగ్గర మాత్రం బండి ఆగింది. క్షమించు అనే మాట ఉంది, కోప్పడకు అనే మాట ఉంది. అసలేమీ అనుకోకుండా ఉండమని అడిగే మాట దొరకలేదు. చివరికి క్షమించు అన్నదే ఇచ్చాడు.

“ఇందులో మీరు అనడం ఎలాగండీ?”

“ఒక్క మనిషికి మీరు లేదమ్మా. దేవుడికైనా నువ్వే.”

“అన్నయ్యని నువ్వు అనాలా! పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనలేదే,” అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు ఆయన విన్నది ఆ ఒక్కసారే.

మంచం వీధి వైపు కిటికీ కింద ఉంది. ఒకప్పుడు బెత్తంలా నిటారుగా ఉండే మనిషి దిండ్ల మధ్య ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. ఆమె వంగి, తప్పు చేస్తున్నదానిలా, “ఆక్వామ్ విస్?” అంది.

పెద్ద ఫాదరు పెదవులు కదిలాయి. “ఎత్ కుమ్ స్పీరితు తువో,” అన్నాడు స్పష్టంగా.

“పలికారు! ఏమన్నారండీ?”

“నీ ఆత్మకు కూడా తోడుండాలి అన్నారు,” అన్నాడు మాస్టారు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అది చర్చి పూజలో ఫాదరు దీవిస్తే జనం తిరిగి చెప్పే జవాబు అని ఆయన చెప్పలేదు. ఆ పూటకి నోరు రాలేదు.

నెల తిరిగేసరికి దాచడానికేమీ మిగల్లేదు. నీళ్ళు కావాలా అన్నా అదే జవాబు. నొప్పిగా ఉందా అన్నా అదే. ఒక రోజు మాస్టారు పరీక్షగా పంచదార ధర ఎంత అని లాటిన్‌లో అడిగాడు. నీ ఆత్మకు కూడా తోడుండాలన్నాడు పెద్దాయన. మాస్టారు వంటగదిలోకి వెళ్ళి ఆమెతో చెప్పేశాడు.

“అమ్మా, అవి నాలుకకి అలవాటైన మాటలు. లోపల అర్థం కావడం లేదు. నాకు తెలుసు.”

ఆమె తోముతున్న గిన్నెను కడిగి బోర్లించింది. తరవాత అంది, “అయితే ఒక ప్రార్థన రాసిపెట్టండి. నా సొంతది. ప్రభువా, మా అన్నయ్య అలిసిపోయాడు, నీ దగ్గరికి తీసుకో అని. వీపంతా పుండ్లు పడిపోయింది మాస్టారూ. చూడలేకపోతున్నాను. ఆయన జీవితమంతా ప్రార్థించిన భాషలో అడిగితే వింటాడేమో దేవుడు.”

ఆయన రాసిచ్చాడు. చిన్న వాక్యం. వ్యాకరణం రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఆమె మంచం పక్కన మోకరించి, మిషను ముందు కూర్చున్నంత శ్రద్ధగా ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

జవాబు రాలేదు. ఇద్దరూ తలెత్తి చూశారు. పెద్ద ఫాదరు చెల్లెలి ముఖంలోకే చూస్తున్నాడు. ఆ చూపు ఎటూ పోకుండా ఆమె మీదే నిలిచింది. ఎడమ కంటి నుంచి నీరు చెవి మీదుగా దిండులోకి జారింది. ఆయన బాగున్న చేత్తో మంచం పట్టెను పట్టుకుని, నానా అవస్థా పడి, ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

“అర్థం కాదన్నారుగా,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “మాస్టారూ, తెలుసన్నారుగా మీరు.”

మాస్టారు మంచం అవతలికి వెళ్ళి, గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని, తనే ఆమెకు నేర్పిన క్షమించు అనే లాటిన్ మాట చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. తరవాత బడిలో పిల్లాడిలా, “తప్పయిపోయింది ఫాదర్,” అని మామూలు భాషలో అన్నాడు. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ రోజు తరవాత ఆయన నోట ప్రార్థన కూడా రాలేదు. పెట్టింది మింగేవాడు, తిప్పితే తిరిగేవాడు. అలా ఏడాది పైన బతికాడు. ఆదివారాలు మాస్టారు వెళ్ళి మంచం దగ్గర కూర్చునేవాడు. ఎన్ని విధాలుగా పలకరించినా గోడకి చెప్పినట్టే. ఆయనకి మళ్ళీ ఏమీ తెలియకుండా పోయిందా, తెలిసే పలకడం మానేశాడా అన్నది ఎవరు చెప్పగలరు? చెల్లెలు మాత్రం లాటిన్ మానేసింది. “అన్నయ్యా, మీకు పాలు తెచ్చానండీ,” అనేది, జవాబు కోసం ఆగకుండా.

ఆయన పోయాక సమాధి రాయి మీద చెక్కడానికి లాటిన్‌లో ఏదైనా రాసివ్వమని చర్చివాళ్ళు మాస్టారిని అడిగారు. ఆమె వద్దంది. మాస్టారూ వద్దన్నాడు. రాయి మీద పేరు ఒక్కటే చెక్కారు.

ఇప్పటికీ ఇద్దరూ బజారులో ఎదురుపడుతూనే ఉంటారు. “బాగున్నారా?” అంటుంది ఆవిడ. “బాగానే ఉన్నానమ్మా,” అంటాడాయన. ఒక్క క్షణం నిలబడి, ఎండలు ముదిరాయనుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.