తల వెనక చూపు

మొన్న తల వెనక నొప్పికని సూర్యాపేటలో స్కానింగ్ తీయించుకున్నాను. డాక్టరు కుర్రవాడే గాని ఓపిక ఉన్నవాడు. ఫిల్మును వెలుగుకు పెట్టి, పుర్రె వెనక ఉబ్బెత్తుగా ఉండే చోట పెన్ను ఆనించి, "ఈ ఎముకకు లోపలివైపు ఉన్న మెదడే మనకు చూపునిస్తదండీ. కన్ను ఊరికే అందిస్తది, అంతే" అన్నాడు. నాకు ఏమీ లేదట. అయినా ఆ ఫిల్మునే చూస్తూ కూర్చున్నాను. ఆ చోటు మా ఇంట్లో అందరికీ తెలుసు. చిన్నమ్మ వల్ల తెలుసు.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. నడిగూడెం దగ్గర గొర్రెలున్న ఇంటికి ఇచ్చారు. సన్నగా, గట్టిగా ఉండేది. నాటు వేయడంలో ఆమెతో సమానంగా ఎవరూ నిలిచేవారు కాదు. నవ్వు మొదలుపెడితే ఆపడం ఆమె వల్ల కూడా అయ్యేది కాదు. ఒక నాట్ల కాలంలో కూలీలతో ట్రాక్టర్ మీద వస్తుండగా, డ్రైవరు గుంత తప్పించబోతే, వెల్లకిలా తారు రోడ్డు మీద పడింది. రక్తం పెద్దగా రాలేదు. కోదాడలో ఒక చిన్న దవాఖానలో మర్నాడు మధ్యాహ్నం కళ్లు తెరిచి, "కరెంటు ఎప్పుడు పోయింది?" అని అడిగింది. ఎండ ఆమె మంచం మీదే పడుతోంది. మేము నవ్వాం. కాసేపటికి మానుకున్నాం.

వాపు తగ్గితే చూపు వస్తుందన్నారు. రాలేదు. ఆమె భర్త, మా చిన్నాయన, ఆమెను మిర్యాలగూడలో కంటి డాక్టరుకు చూపించాడు. ఆయన టార్చి వేసి, కంటిపాపలు ముడుచుకుంటున్నాయని, కళ్లకేమీ కాలేదని, తలకు స్కానింగ్ తీయించమని చెప్పాడు. కళ్లకేమీ కాలేదన్న మాట ఇల్లు చేరింది. స్కానింగ్ మాట బస్సులోనే ఉండిపోయింది.

ఆమె అత్త చెడ్డమనిషి కాదని అందరూ అంటారు, నేను అనను. "కండ్లు మంచిగనే ఉన్నయట. పని ఎగ్గొట్టనీకె గీ నాటకం" అని వాడంతా చెప్పింది. ఇక పరీక్షలు మొదలయ్యాయి. నడిచే దారిలో రోకలి అడ్డం పెట్టేది. అన్నంలో బొగ్గు ముక్క వేసి తింటుందో లేదో చూసేది. చిన్నమ్మ నోట్లో పెట్టుకునేది. వచ్చిన చుట్టాలు వేళ్లు చూపించి ఎన్నని అడిగేవారు. సరిగ్గా చెబితే దొంగ, తప్పు చెబితే గడుసు దొంగ. ఒకరోజు అత్త వంకాయ విసిరితే చిన్నమ్మ తల పక్కకు తిప్పుకుంది. ఇంకేం కావాలి?

"కనవడలే అత్తా. ఏదో కదిలినట్టయింది, గంతే" అంది చిన్నమ్మ. ఇలా దెబ్బ తగిలినవాళ్లకు కదిలే వస్తువులు కొన్నిసార్లు చూడకుండానే తెలుస్తాయని డాక్టర్లు తర్వాత చెప్పారు. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. ఆ పూట నుంచే వంట ఆమెకు అప్పగించారు. చేతుల మీద కాలిన మచ్చలు మోచేతుల దాకా పాకాయి.

మా అమ్మ ఊరుకోలేదు. నెలల తరబడి పోట్లాడి, చెల్లెలిని సూర్యాపేట తీసుకుపోయి స్కానింగ్ తీయించింది. తల వెనక రెండు వైపులా మెదడు చచ్చిపోయిందని, ఇక చూపు రాదని చెప్పారు. అమ్మ ఆ ఫిల్ము పట్టుకుని, కేసు గెలిచినదానిలా, చిన్నమ్మతో నడిగూడెం వెళ్లింది. నేనూ వెంట ఉన్నాను. చిన్నాయన దాన్ని ఎండకెత్తి చాలాసేపు చూశాడు. "అంటే అబద్ధం కాదన్నట్టు" అన్నాడు. చిన్నమ్మ ముఖం విప్పారింది. ఇంకా ఏదో అంటాడని నిలబడే ఉంది.

ఆయన ఫిల్మును కవర్లో పెట్టి అమ్మ చేతికిచ్చాడు. "ఇగ సూపు రాదంటున్నరు గదా వదినె. గుడ్డిదాన్తోని మేమెట్ల ఏగుతం? మీతోనే తోల్కపోండ్రి" అన్నాడు, ఏమాత్రం కోపం లేకుండా. అత్త అప్పటికే లోపల చీరలు మూట కడుతోంది. దొంగ అనుకున్నన్నాళ్లు ఉంచుకున్నారు. నిజమని తేలిన పూటే పంపించేశారు.

ఇప్పుడు చిన్నమ్మ మాతోనే కోదాడలో ఉంటుంది. అమ్మ ఆ స్కానింగ్ సంగతి ఎత్తదు. చిన్నమ్మే ఎత్తుతుంది. ఆమె లెక్కలో తన బతుకు రెండు కాలాలు: "నన్ను నమ్మనప్పుడు", "నమ్మినంక". మంచిరోజులని ఆమె చెప్పుకునేది మొదటి కాలాన్నే.