బాలింత నీళ్ళూ, కట్టెల లెక్కా

ఆ రోజుల్లో మా ఇంట్లో దేనికీ కొలత ఉండేది కాదు. బియ్యం గుప్పిటతో, ఉప్పు వేళ్ళతో, కట్టెలు కంటిచూపుతో. అందుకే బూర్గంపాడుకు అవతల అడవి అంచున ఉన్న మా పల్లెకు ఒకాయన కొక్కెం కాంటా పట్టుకొని వచ్చి, "ఒక్క రోజుల మీ పొయ్యి ఎన్ని కట్టెలు తింటదో తూసి సర్కారుకు చెప్పాలమ్మా" అన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, వింతగానూ తోచింది. కొత్త కోడలిని, చదివింది మూడో తరగతి (అదీ సగమే). పొయ్యికి కూడా లెక్క రాసేవాళ్ళు ఉంటారని అప్పుడే తెలిసింది. ఊళ్ళో చీటీలు తీస్తే మా ఇల్లూ, పక్కనే ఒంటరిగా ఉండే బీడీ తాత ఇల్లూ వచ్చాయట. సర్వే సారు రెండిళ్ళ ముందూ చెరో కట్టెల మోపు తూచి, "ఈ మోపుల కట్టెలే కాల్చుండ్రి. రేపు వచ్చి మిగిలింది తూస్త" అని వెళ్ళిపోయాడు.

చిక్కేమిటంటే మా ఆడబిడ్డ అప్పుడే పురుడు పోసుకొని ఇంట్లో ఉంది. బాలింత స్నానమంటే పెద్ద కాగు నిండా నీళ్ళు మరగాలి. మా అత్త మోపు వంక చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. "గా ఒక్క తానానికే సగం మోపు పోతది. గింత కాలుస్తుండ్రని ఫారెస్టోళ్ళకు తెలిస్తే రేపటి సంది అడవిల అడుగు పెట్టనిస్తరా?"

"మరి బాలింతకు నీళ్ళెట్ల అత్తా?" అన్నాను.

"నన్ను సన్నీళ్ళల్ల ముంచుతవా ఏందే అమ్మా?" లోపలినుంచి ఆడబిడ్డ కేక.

అత్త కళ్ళు తాత ఇంటి మీద పడ్డాయి. "ఒక్క పొట్ట, తాత ఎంత కాలుస్తడు? ఆయన లెక్కల బోలెడు జాగ ఉంటది. కాగు ఆడికి మొయ్ పిల్లా, జల్దీ!" మోశాను. తాత చుట్టాలొచ్చినంత సంబరపడ్డాడు. ఎలాగూ మంట ఉంది కదా అని మా పప్పు కుండ కూడా అక్కడికే చేరింది, దాని వెనకే అన్నం గిన్నె.

మర్నాడు సారు మా మోపు తూచి బిత్తరపోయాడు. "ఏందమ్మా, ఇంటిల్లిపాది ఉపాసమున్నరా?"

"అవ్ సారూ, శనివారం" అంది అత్త (పాలు తాగే పసిగుడ్డుతో సహా అందరికీ ఉపవాసమే!).

తాత మోపులో మాత్రం బెరడు తప్ప ఏమీ మిగల్లేదు. "ఒక్కడివే ఏం వండినవ్ తాతా?"

"తానం జేసిన సారూ."

"మోపంత కట్టెలతోనా?"

"చానా దినాల మురికి. దిగొద్దా?"

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో పసిపాప కేర్‌మంది. సారు అటు చూశాడు, తాత వాకిట్లో ఉన్న కాగును చూశాడు. నవ్వు ఆపుకుంటూ అరుగు మీద కూలబడి, "అమ్మా, నేను పేర్లు రాసుకపోయి ఎవలికీ ఇయ్య. మీరు అడవికి పోవుడు బంద్ పెట్టుటానికి గాదిది. ఊర్లల్ల ఏ పొయ్యికి ఎంత కాలుతుందో తెలుసుకునేటందుకే" అన్నాడు.

"గీ ముక్క నిన్ననే చెప్తే నీ సొమ్మేం పోతుండె?" అత్త ఎదురు గద్దించింది, కానీ కళ్ళలో భయం దిగిపోయింది.

"రెండిళ్ళయి కలిపి చెరిసగం రాస్కో సారూ. కట్టెలైతే కాలినయ్ గద!" అన్నాడు తాత, బీడీ ముట్టించుకుంటూ.

సారు ఒప్పుకోలేదు. "మళ్ళ తూస్త. ఈసారి ఎవల నీళ్ళు ఆళ్ళే కాగబెట్టుకోండ్రి" అని, ఇద్దరికీ కొత్త మోపులు తూచి వెళ్ళాడు.

కాగు మా పొయ్యి మీదికే తిరిగి వచ్చింది. నేను గొట్టంతో ఊదుతూ, పొగ పెంకుల సందుల్లోంచి ఎటు పోతోందో చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో పట్నంలో ఎవరో మా పొయ్యిని ఒక అంకెగా చూస్తారట. వాళ్ళకు మా సాంబ్రాణి వాసన తెలుస్తుందా? పాప నవ్విందో ఏడ్చిందో ఆ అంకె చెబుతుందా? ఆలోచిస్తూ ఉండగానే నీళ్ళు పొంగి, కాగంతా తొణికి, పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. అత్త తిట్లు వింటూ కొత్త కట్టెలు పెట్టి మళ్ళీ మొదటినుంచి రాజేశాను.

ఇప్పుడు ఇంట్లో గ్యాసు. టీవీలో పల్లెటూళ్ళ వంటచెరకు లెక్కలు చెబుతుంటే మాత్రం చేతిలో పని ఆపి వింటాను. అంత పెద్ద లెక్కలో ఎక్కడో నాలుగు కట్టెలు ఎక్కువ పడి ఉంటాయి. అవి బాలింతవీ కావు, వంటవీ కావు; నోరు తెరుచుకొని పొగను చూస్తూ కూర్చున్న ఆ పిల్లవి.