బావ కారుకు కొత్త పొదుగు

మీసం మొలిచే ఆ వయసులో మనిషికి అద్దంలో తన ముఖం కంటే తను కాబోయే మనిషి ముఖమే ఎక్కువగా కనబడుతుంది. నాకైతే అద్దం కూడా అక్కర్లేకపోయేది. చేతులకు నల్ల గ్రీజు, చెవి వెనుక స్క్రూడ్రైవర్, చుట్టూ నలుగురు నిలబడి "గీ బండి గీయన చెయ్యి వడితేనే లేస్తది" అనుకోవడం, ఇవన్నీ కళ్ళు మూసుకుంటే చాలు కనబడేవి. కళ్ళు తెరిస్తే మాత్రం నేను కోరుట్లలో ఒక ఉస్తాద్ షెడ్డులో కార్ల కింద దూరి నూనె మార్చే పనివాణ్ణి. ఆ నూనె కూడా తరచూ డబ్బాలోకి పోకుండా నా మెడలోకి కారేది. (ఆ చొక్కాలు ఉతికి ఉతికి అమ్మ నా ఉస్తాద్‌ను చూడకుండానే ద్వేషించింది.) మాది సిరిసిల్ల. ఇంటిల్లిపాదీ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికినవాళ్ళం. కరెంటు పోయి వాటి టకటక ఆగిపోతే మా వాడలో చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి కార్ల పని నేర్చుకుంటానని ఊరు దాటడం బాపుకు అస్సలు నచ్చలేదు. చిన్నాయన కార్ఖానలో సాంచాలు నడపడానికి మనిషి కావాలి, ఇంట్లో ఇంత పొడుగు కొడుకుండగా బయటివాణ్ణి ఎందుకు పెట్టుకోవాలి అన్నది ఆయన వాదం. అందులో తప్పేమీ లేదు. నా బాధంతా అదే.

ఇక జగిత్యాలలో ఉండే మా బావ, అంటే అక్క మొగుడు, నెమ్మదైన మనిషి. కూరలో ఉప్పు లేకపోయినా అడగడు. అలాంటి మనిషి స్టీరింగ్ ముందు కూర్చోగానే ఇంకొకడైపోయేవాడు. ఎక్కడో పట్నంలో కుర్రాళ్ళు పందేలకు నడిపి నడిపి వదిలేసిన ఒక ఎర్ర కారును కొని తెచ్చుకున్నాడు. అది స్టార్టయితే ఆ గల్లీలో ఫోన్ మాట్లాడేవాళ్ళంతా లోపలికి పోయేవాళ్ళు. అంత వేగమూ చాలక, ఫోనులో వీడియోలు చూసి చూసి, దానికి ఇన్‌టేక్ మానిఫోల్డు మార్చాలని బావ తీర్మానించాడు. ఇంజన్ గాలి పీల్చుకునేది దాని గుండానే. అడ్డంగా పడుకున్న ఒక డబ్బా, దాని పక్క నుంచి వంగి దిగే నాలుగు గొట్టాలు, గాలి లోపలికి పోయేందుకు ఒక చివర పెద్ద నోరు. కారుతో వచ్చినదాన్ని పీకేసి, బయట తయారైన పెద్దదాన్ని బిగిస్తే ఇంజన్ గుండెనిండా గాలి పీలుస్తుందట. "బామ్మర్దీ, పార్శిల్ మీ ఇంటికే అస్తది. అక్కకు జెప్పకు. జెప్పినవంటే ఇద్దరం బయటనే పండాలె" అన్నాడు బావ. అట్లా ఆ కారు సామాను జగిత్యాల పోకుండా, కోరుట్ల పోకుండా, సాంచాల నడుమ ఉన్న మా ఇంటికి వచ్చి దిగింది.

సెలవు రోజు ఇంటికి పోయి నేను డబ్బా విప్పుతుంటే బాపు వచ్చి నిలబడ్డాడు. "ఏందిరా గిది?" అన్నాడు. ఇంజన్ గాలి పీల్చే గొట్టమని చెప్పాను. "ఉన్న గొట్టానికి ఏమైంది?" ఏమీ కాలేదన్నాను. "ఏం గానప్పుడు గిదెందుకురా?" (ఈ ప్రశ్న ఎవరూ అడగకపోవడం మీదే ఈ రోజుకీ నా బతుకు నడుస్తోంది.) నేను ఛాతీ విరిచి, దీన్ని నేనే బిగిస్తాను, ఉస్తాద్ ఒప్పుకున్నాడు, ఇది నా మొదటి సొంత పని అన్నాను. బాపు కాసేపు ఆలోచించాడు. "మంచిది. నువ్వొక్కనివే బిగియ్యి. గా కారు కోరుట్ల నుంచి మనింటి ముంగటి దాక ఆగకుంట అస్తె నీ పని నీది, నేనేమన. నడుమల ఆగిందా, సోమారం సంది చిన్నాయన కార్ఖానకు పోవుడే" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ వయసులో సరే అనడానికి ఆలోచన అక్కర్లేదు.

మా ఇంట్లో సాంచకు కొత్త బెల్టు వేసినా సరే, పసుపు కుంకుమ పెట్టి, దిష్టికి నిమ్మకాయ పెట్టకుండా స్విచ్చి వేయరు. ఇక ఇంత మెరిసే సామానును అమ్మ ఊరికే వదులుతుందా? "మొక్కకుంటనే ఎట్ల వెడ్తరు కొడుకా, ఇంజన్ గుండెల వెట్టేదంటివి" అని దాన్ని పీట మీద కూర్చోబెట్టింది. నాలుగు గొట్టాలు కిందికి ఉండేసరికి అటూ ఇటూ తిరిగి చూసి, "అవ్వో, ఆవు పొదుగు లెక్కనే ఉన్నది గదరా!" అని మురిసిపోయింది. ఒక్కో గొట్టానికి ఒక్కో బొట్టు పెట్టింది. నేను దండం పెట్టి, లోపలికి పోయి బట్టలు మార్చుకుని వచ్చి, అసలైన మెకానిక్కులు చేసే పని చేశాను. దుమ్ము పోకుండా ఆ సామాను నోళ్ళన్నింటికీ గట్టిగా టేపు అతికించాను. ఆ టేపు అతికించిన తీరుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి, "నా నిమ్మకాయ ఏదిరా? ఇప్పుడే వెడితి గదా" అంది. నాకేం ఎరుక అన్నాను. ఎదురింటివాళ్ళ మేక మా గడప దగ్గర నిలబడి ఏదో నములుతోంది. ఇంక విచారణ అవసరం లేకపోయింది. అమ్మకూ ఎదురింటామెకూ మాటలు మొదలయ్యాయి, నేను పొదుగును ఒళ్ళో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. దారిలో లోపల ఏదో దొర్లినట్టు అనిపించింది. ఆ బస్సులో దొర్లని వస్తువు లేదు గనుక పట్టించుకోలేదు.

ఉస్తాద్ మాట నిలబెట్టుకున్నాడు, చేయి పెట్టలేదు. పెట్టనందుకు ఆయన చేతులు ఎంత దురద పెట్టాయో పాపం, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని తన చేతులను తనే గట్టిగా పట్టుకున్నాడు. బావ జగిత్యాల నుంచి తెచ్చిన కారు ఇంజన్ చల్లారేదాకా నేను ఆగాను. విప్పిన ప్రతి వైరుకూ, ప్రతి రబ్బరు గొట్టానికీ రంగు దారం కట్టాను (నేతపని వాళ్ళ పిల్లవాణ్ణి, దారాలకు కొదువా?). పాతదాన్ని దింపాను, అంచులు తుడిచాను, సందుల్లోంచి గాలి పోకుండా నడుమ కొత్త గ్యాస్కెట్ పెట్టాను, టేపు పీకి కొత్తదాన్ని ఎక్కించాను. బోల్టులు మధ్యనుంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగించాను. స్టార్ట్ చేస్తే ఎర్ర కారు ఒక్క దెబ్బకు లేచింది. బావ నన్ను కౌగిలించుకున్నాడు. ఉస్తాద్ "శెభాష్" అన్నాడు. ఆ మాటతో నేను సిరిసిల్ల దాకా కారు లేకుండానే పోగలిగేవాణ్ణి.

అట్లా పోయినా బాగుండేది. మెల్లగా నడిపినంతసేపూ కారు వెన్నపూసలా పోయింది. బావ కాలు నొక్కగానే వణికి, దగ్గి, మూడు కాళ్ళ మీద పరిగెత్తినట్టు కుంటింది. కాలు తీస్తే ముందునుంచి గుడ్ మని చిన్న చప్పుడు, మళ్ళీ అంతా బాగు. "పెట్రోల్ల నీళ్ళున్నయి" అన్నాడు బావ. నేను బండి పక్కకు ఆపమందామనుకుని నోరు మూసుకున్నాను. ఆపితే పందెం పోతుంది. ఎడమ మలుపులో బాగుంది, కుడి మలుపులో కుంటింది. జబ్బు ఒకచోట కుదురుగా ఉంటే వైద్యం చేయవచ్చు, ఇది లోపల ఊరేగుతోంది. వేములవాడ దాటేటప్పుడు నేను నా జీవితంలో ఎన్నడూ మొక్కనంతగా రాజన్నకు మొక్కాను. దేవుడు మా గల్లీ మొదలు దాకా తీసుకొచ్చాడు. అక్కడ స్పీడ్ బ్రేకర్ ముందు బావ గట్టిగా బ్రేకు తొక్కాడు. గుడ్ మంది. కారు ఆగిపోయింది. మా ఇల్లు కనబడుతోంది, గడప మీద నిలబడ్డ బాపూ కనబడుతున్నాడు.

వాడంతా కలిసి తోస్తే రేసు కారు మా ఇంటి ముందుకు చేరింది. "మా సాంచనే నయం, ఆగినా తొయ్యబనిలేదు" అన్నాడు బాపు. నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు అంత కోపం వచ్చేది కాదు. బావ, ఉస్తాద్‌ను పిలుద్దామని ఫోను తీశాడు. వద్దని అతని చేయి పట్టుకున్నాను. ఓడిపోయానని తెలుసు, సోమవారం ఎక్కడికి పోవాలో కూడా తెలుసు. కానీ ఆ కారు ఎందుకు ఆగిందో తెలియకుండా మాత్రం కార్ఖాన గడప తొక్కనని ఒట్టేసుకున్నాను. వాకిట్లో మా సాంచ మీద నేసిన తెల్లగుడ్డ పరిచి, ఎండలో కూర్చుని, కట్టిన దారాలన్నీ మళ్ళీ ఒక్కటొక్కటే విప్పాను. ప్లగ్గులు చూశాను, గొట్టాలు ఊది చూశాను, అన్నీ బాగున్నాయి. అమ్మ అన్నానికి పిలిచింది, పోలేదు. నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది, తాగడం మరిచిపోయాను. బావ నిలబడి నిలబడి అరుగు మీద నిద్రపోయాడు. బాపు మాత్రం గడప మీంచి కదలలేదు. చివరికి మానిఫోల్డునే దింపి, రెండు చేతులతో ఎత్తి, తలకిందులు చేసి ఊపాను.

గాలి పోయే పెద్ద నోట్లోంచి ఒక నిమ్మకాయ ఊడిపడి, దొర్లుకుంటూ పోయి బాపు కాళ్ళ దగ్గర ఆగింది. దాని మీద కుంకుమ బొట్టు ఇంకా ఉంది.

"ఇగో, నా నిమ్మకాయ!" అంది అమ్మ, తప్పిపోయిన దూడ దొరికినంత సంతోషంగా. పైన పెడితే దొర్లుతోందని, నేను అటు పోగానే దాన్ని ఆ పెద్ద నోట్లో కూర్చోబెట్టిందట. అది ఎప్పుడో లోపలికి జారింది. నేను ఘనంగా టేపు వేసి దాన్ని భద్రం చేశాను. బావ కాలు నొక్కినప్పుడల్లా గాలి ఈడ్పుకు పోయి అది ఒక్కో గొట్టం నోటికి అడ్డం పడింది, చివరికి స్పీడ్ బ్రేకర్ దగ్గర ముందుకు దొర్లి పెద్ద నోటికే అడ్డం కూర్చుంది. "పాపం, మేకను ఎన్ని తిడితి" అని అమ్మ అప్పటికప్పుడు ఎదురింటికి పోయింది.

డబ్బాలో అదనంగా వచ్చిన గ్యాస్కెట్ వేసి నేను మళ్ళీ అంతా బిగించాను. కారు లేచింది. ఈసారి ఎంత నొక్కినా దగ్గలేదు. బానెట్ మూసి, "సోమారం ఎన్ని గంటలకు రావాలె చిన్నాయన కాడికి?" అని బాపును అడిగాను. ఆయన నిమ్మకాయను చేతిలో తిప్పుతూ అన్నాడు: "సాంచ ఆగితె మా తమ్ముడు బీడీ ముట్టించుకొని బయటికి వోతడు. నువ్వు అన్నం గూడ తినకపోతివి. సోమారం కోరుట్లకే పో." లోపలికి పోబోయి మళ్ళీ ఆగాడు. "గని మీ అమ్మ మొక్కేటప్పుడు పక్కన్నే నిలబడు." నాకు ఏడుపొచ్చింది. గ్రీజు చేతులతో కళ్ళు తుడుచుకున్నాను, తర్వాత చాలాసేపు నన్ను చూసిన వాళ్ళందరూ నవ్వారు.

ఇప్పుడు జగిత్యాలలో నాకు సొంత షెడ్డు ఉంది. ఏ సామానైనా బిగించేముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తాను. మా దగ్గర పనిచేసేవాళ్ళు అదేదో పెద్ద పరీక్ష అనుకుని వాళ్ళూ ఊపుతున్నారు, నేనూ అసలు సంగతి చెప్పలేదు. వయసొచ్చింది, మొండి బండి ఎదురైతే "రేపు చూద్దాం" అని ఇంటికి పోయి వేళకు అన్నం తింటున్నాను. ఎండలో ఆ తెల్లగుడ్డ మీద కూర్చున్న పిల్లవాడు ఇప్పుడు నా షెడ్డుకు వచ్చి పని అడిగితే, ఒక్క మాట మాట్లాడకుండా పెట్టుకుంటాను. కాకపోతే ముందుగా వాళ్ళమ్మకు ఫోన్ చేసి, లోపల ఏమీ పెట్టలేదు కదా అని అడుగుతాను.