జప్తు మావయ్య ఇంటి బేరం

మా మావయ్యకు అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టిన పేరొకటి ఉంది గానీ, అది సంతకానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. అందరూ జప్తు మావయ్యే అంటారు. ఇళ్ళూ స్థలాల అమ్మకానికి ఒప్పంద పత్రాలు రాయడం ఆయన వృత్తి. కొనేవాడు మాట తప్పితే ఇచ్చిన బయానా జప్తు. అమ్మేవాడు తప్పితే బయానాకు రెట్టింపు కట్టాలి. ఈ షరతు లేకుండా ఆయన ఒక్క పత్రమూ రాయలేదు.

ఆయనకో చాదస్తం ఉంది. సంతకాలకు ముందు ఇద్దరినీ కుర్చీలు మార్చుకోమంటాడు. ఎదుటివాడి కుర్చీలో కూర్చుని, "నేనే ఇతన్నయితే ఈ బేరం ఎందుకు వదులుకుంటాను?" అన్నదానికి జవాబు చెప్పాలి. జవాబులో పస ఉంటే ఆ రోజుకి సంతకాలు లేనట్టే. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. ఈయన మాత్రం కుర్చీలు మారనిదే కలం మూత తీయడు.

అలాంటి పెద్దమనిషి సొంత ఇల్లు అమ్మేటప్పుడు కుర్చీ మారలేదు. మరమ్మతులతో వేగలేక, ఫ్లాటు కొనుక్కుని సుఖపడదామని, రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారి దగ్గర బయానా పుచ్చుకుని ఇల్లు బేరం కుదిర్చేసుకున్నాడు. రాసేది తనే కదా, ఇంక కుర్చీలెందుకు అనుకున్నాడట. సంతకాలయ్యాక ఇంటికొచ్చి అత్తయ్యకు శుభవార్తలా చెప్పాడు.

అత్తయ్య ముందుగదిలో కుట్టుమిషన్లు పెట్టి ఆడవాళ్ళకు కుట్టు నేర్పుతుంది. మర్నాడే వెళ్ళి, మావయ్య కొనాలనుకున్న ఫ్లాట్లవాళ్ళను అడిగొచ్చింది. మిషన్ల చప్పుడు కుదరదు, బయటివాళ్ళు రాకూడదు అన్నారట.

"నా పని పోతుందని మీకు తోచనే లేదా?" అంది మావయ్యతో.

మావయ్యకు నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఇల్లు అమ్మనంటే రెట్టింపు కట్టాలి. అది కట్టాలంటే మళ్ళీ ఇల్లే అమ్మాలి. తను రాసిన షరతు తన మెడకే చుట్టుకుంది.

ఇక మిగిలిన దారి ఒకటే, మాస్టారే వద్దనాలి. ఆయన ఇల్లు చూడడానికి వచ్చినప్పుడల్లా మావయ్య తన ఇంటిని తానే ఆడిపోసుకునేవాడు. వానొస్తే మేడమీద కారుతుందనేవాడు, కుళాయిలో నీళ్ళు సన్నగా వస్తాయనేవాడు. మాస్టారు కాస్త దిగాలుగా పర్లేదండీ అనేవారు. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, రెయిలింగు పనితనం తెగ మెచ్చుకునేవారు. ఈయనకు ఇల్లు ఇంతగా నచ్చి చచ్చిందేమిటా అని మావయ్య తల పట్టుకునేవాడు.

వీళ్ళ వాలకం చూసి చూసి ఒకరోజు అత్తయ్యకు విసుగెత్తింది. మిషన్ల మధ్య రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి, అమ్మేవాడి కుర్చీలో మాస్టారిని, కొనేవాడి కుర్చీలో మావయ్యను కూర్చోబెట్టింది.

"అందరిచేతా చెప్పిస్తారుగా. ఇప్పుడు మీరు చెప్పండి" అంది మావయ్యతో.

మావయ్య కాసేపు మెట్లకేసి చూశాడు. అప్పటికి గాని ఆయన బుర్రకు ఎక్కలేదు.

"నేనే మాస్టారినయితే... మోకాళ్ళు నొప్పండీ. పడగ్గదులన్నీ పైనున్నాయి. బడంతా పరుగులు పెట్టించినవాణ్ణి, మెట్లెక్కలేనని ఏ మొహం పెట్టుకుని చెప్పను? చెబితే బయానా కూడా పోతుంది."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన ఒక్కో మిషన్నే చూస్తూ నెమ్మదిగా అన్నారు.

"నేనే మీరయితే ఈ గది ఎవరికీ ఇవ్వనండీ. ఇది అక్కయ్యగారి బడి. బడి మానేసి ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ముందు నవ్వింది అత్తయ్యే. తర్వాత కుట్టు నేర్చుకునేవాళ్ళు, ఆ వెనక వీళ్ళిద్దరూ. ముందు ఎవరు మాట తప్పుతారా అని ఒకరి మొహం ఒకరు చూస్తూ ఇన్నాళ్ళు గడిపారు. ఇద్దరూ ఇష్టపడి రద్దు చేసుకుంటే జప్తూ లేదు, రెట్టింపూ లేదు. తీసుకున్న బయానా ఉన్నదున్నట్టు తిరిగిచ్చేస్తే సరి.

రద్దు పత్రం రాస్తూ రాస్తూ మావయ్య ఆగాడు. "నిన్నడక్కుండా సంతకం పెట్టాను. తప్పు నాదే" అన్నాడు అత్తయ్యతో, అందరిముందూ. అత్తయ్య తరఫున ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

ఇప్పుడు ఆయన ఆఫీసులో అత్తయ్య కుట్టిన దిండు వేసి మూడో కుర్చీ ఒకటి ఉంది. ఎవరైనా ఒంటరిగా ఇల్లు అమ్మడానికొస్తే, ఆ ఇంట్లో ఇంకెవరుంటారో వాళ్ళనీ తీసుకురమ్మంటాడు. నా సంతకం చాలదా అని వాళ్ళు దబాయిస్తారు.

"చాలుతుందండీ" అంటాడు మావయ్య, కలం మూత గట్టిగా బిగిస్తూ. "నాదీ చాలింది."