మర్యాద శాలువా

పోచంపల్లి బట్ట ఎగుమతి చేసే కంపెనీలో నేను గుమాస్తాను. మా మేనేజర్ సాబు కరెంటాయనకైనా, కలెక్టరాఫీసు పెద్దసారుకైనా శాలువా కప్పి ఒకే మాట అనేవాడు: "గిది లంచం గాదు సార్, మర్యాద."

తొంభైలలో ఒక విదేశీ ప్రభుత్వ అధికారి తమ ఆఫీసుల పరదాల కోసం మా బట్ట చూడ్డానికి వచ్చాడు. ఊళ్లో సగం మగ్గాలు ఆ ఆర్డరు మీదే ఆశ పెట్టుకున్నాయి. సాబు పట్టుశాలువా తీసి తన మాట అన్నాడు. నేను ఇంగ్లీషులో చెప్పాను.

"మా చట్టం ఒప్పుకోదు" అని అధికారి చేయి అడ్డం పెట్టాడు. "అయినా అడుగుతున్నాను, నేను మీ బట్ట వద్దన్నా ఇది ఇస్తారా?"

సాబు శాలువాను మడత చెడకుండా మళ్లీ డబ్బాలో పెట్టాడు.

తర్వాత అధికారి బట్టను నీళ్లలో ముంచి చూస్తే రంగు దిగింది. బట్ట వద్దని చెప్పి జీపెక్కాడు. సాబు డబ్బా పట్టుకొని ఉరికి, శాలువా కప్పాడు. తన మాట మాత్రం అనలేదు. అధికారి ఈసారి చేయి అడ్డం పెట్టలేదు.

జీపు పోయాక సాబు గడప మీద కూలబడ్డాడు.

"జర చాయ్ చెప్పు భాయ్. ఇన్నేండ్ల సంది శాలువాలు కప్పుతున్న గనీ, మర్యాద చేసుడు ఇయ్యాల్నే మొదలు."