గుడ్డ కట్టిన గాజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చప్పుడు లేని పూట ఉండేది కాదు. బెంగళూరు బళేపేట సందులో కింద మా నాయన గాజుల అంగడి, మిద్దె మీద మా కాపురం. పొద్దున తలుపు తీసింది మొదలు గాజుల గలగల, బేరాలు, మా అవ్వ కేకలు. అవ్వ నోటికి సందు సందంతా హడలేది. మా నాయన మాత్రం నెమ్మది మనిషి. ఆడవాళ్లు చెయ్యి చాపితే దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, మెత్తగా పిసికి, బొటనవేలి మొదలు లోపలికి నొక్కి, మాటల్లో పెట్టి గాజు ఎక్కించేసేవాడు. ఎంత బిగువు గాజైనా 'అబ్బా' అన్నవాళ్లు లేరు. చూస్తుంటే నాకు భలే గర్వంగా ఉండేది.

నేను మూడో తరగతిలో ఉండగా ఆయనకు మెదడువాపు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది కానీ మనిషి తిరిగి రాలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెడితే కళ్లు తెరిచే ఉన్నాయి, ఎవరినీ చూడటం లేదు. గంజి పోస్తే మింగేవాడు. 'నాయనా' అంటే పలికేవాడు కాదు. ఒకప్పుడు నా అడుగుల చప్పుడుకే తలెత్తే మనిషి! దేవుడా, నన్ను గుర్తుపడితే చాలు, ఇంకేమీ అడగను అని మొక్కుకునేదాన్ని.

తలకు విశ్రాంతి ఇస్తే అంతా నయమవుతుందని అవ్వ తీర్మానించింది. కిటికీ మూయించింది. తాళింపు ఘాటు తగలకూడదని పొయ్యి కిందికి మార్పించింది. ఎవరొచ్చినా మెట్ల దగ్గరే ఆపి, నోటిమీద వేలు పెట్టి, "సుమ్మనుండండి అప్పా, నా కొడుకు పండుకోనుండాడు" అనేది. అసలు తంటా అమ్మ గాజులతో వచ్చింది. అవి గలగలమంటే ఆయనకు బాధ అంది అవ్వ. తీసేద్దామంటే, మొగుడు బతికుండగా బోసిచేతులతో తిరగడం మా వాళ్లలో ఉందా! అందుకని పాత పంచె చింపి, అమ్మ రెండు ముంజేతుల గాజుల మీదా గట్టిగా చుట్టి ముడులేసింది. గాజులమ్మే ఇంటి కోడలు గాజులకు గుడ్డ కట్టుకుని తిరిగింది. ప్రేమకొద్దీ చేసింది ముసలామె, ఏమని అంటాను?

పక్కింటి మిద్దె మీద ఒక నర్సక్క అద్దెకుండేది. గుంటూరు వైపు మనిషి. తలకు దెబ్బలు తగిలినవాళ్ల వార్డులో పని. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ పలకరిద్దామని వచ్చింది. చీకటి గదిలో నోళ్లు మూసుకుని కూర్చున్న మమ్మల్ని చూసి, అమ్మ చేతులు చూసి, "కాలాయా వదినా?" అని అడిగింది. అమ్మ సంగతి చెప్పగానే ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అయ్యో, ఆయన్ని బావిలో పెట్టి మూత వేశారు కదండీ! ఏమీ వినబడకపోతే ఇటు రావడానికి దారేదండీ?"

అవ్వ గయ్యిమని లేచింది. "నీ ఆస్పత్రి సంగతులు ఈడొద్దమ్మా. వానికేమన్నా అయితే నా కొడుకును నువ్వు తెచ్చిస్తావా?"

తెచ్చిస్తానని తను అనలేననీ, ప్రయత్నం మాత్రం చేద్దామనీ నర్సక్క మెల్లగా చెప్పింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. దాన్నే ఒప్పుకోలు అనుకుని నర్సక్క అమ్మ చేతుల ముడులు విప్పేసింది.

అప్పటి నుంచి డ్యూటీ అయ్యాక వచ్చి మాకు నేర్పేది. ఒకేసారి అన్నీ చేసి ఆయన్ని అలసిపోనివ్వకూడదు. కాసేపు గాజుల చప్పుడు, తర్వాత ఆగడం. కాసేపు ముక్కు దగ్గర కాఫీపొడి, మళ్లీ ఆగడం. తడిగుడ్డతో అరచేయి తుడిచి, రెప్ప కదిలిందా, వేలు కదిలిందా అని కనిపెట్టుకుని కూర్చోవడం. చెప్పకుండా ఒంటిమీద చెయ్యి మాత్రం వెయ్యనిచ్చేది కాదు. "ముందు నువ్వొచ్చావని చెప్పమ్మా, తర్వాత తాకు" అనేది. వినపడని మనిషికి చెప్పడమెందుకని నేనంటే, వినపడదని నీకెవరు చెప్పారు అని ఎదురడిగేది.

ఒక సాయంత్రం "నాయనా, నేనొచ్చినాను" అని చెప్పి నా చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. రెండో చేతి వేళ్ల మధ్య నర్సక్క ఒక గాజు ఉంచింది. చాలాసేపు ఏమీ లేదు. విసుగొచ్చి చెయ్యి లాక్కోబోతుంటే ఆయన వేళ్లు కదిలాయి. నెమ్మదిగా పాకి, నా బొటనవేలి మొదలు లోపలికి నొక్కాయి. అచ్చం అంగడిలో నొక్కినట్టే! "అమ్మా, నాయన చెయ్యి కదిలిస్తాండాడు!" అని గావుకేక పెట్టాను. అవ్వ పరుగున వచ్చి, నా తండ్రీ, నా బంగారూ అంటూ మంచం మీద పడి ఏడ్చింది. ఆయన గాజు ఎక్కించలేకపోయాడు. కళ్లు పైకప్పు వైపే ఉన్నాయి.

నన్ను గుర్తుపట్టాడని సందంతా చాటింపు వేశాను. మర్నాడు నర్సక్క చెయ్యి పెడితే దాన్నీ అలాగే నొక్కాడు. అవ్వ చేతినీ నొక్కాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఆయనకు తెలిసింది చెయ్యి అనే గానీ నేనని కాదు. మెట్ల మీద కూర్చుని వెక్కుతుంటే నర్సక్క పక్కన చేరింది. నిన్నే గుర్తుపట్టాడని ఒక అబద్ధం ఆడేస్తే నా ఏడుపు ఆగేది. ఆమె ఆడలేదు.

"నువ్వని తెలుసో లేదో నాకూ తెలీదు తల్లీ. తెలిస్తేనే పలకరిస్తానంటావా?"

 ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్లి, నేనొచ్చానని చెప్పి మళ్లీ చెయ్యి పెట్టాను.

వానలు మొదలయ్యాక నెమ్ము చేసి మా నాయన పోయాడు. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్కసారి నా వంక చూడలేదు. చివరిసారి కాళ్లు మొక్కమన్నప్పుడు కూడా "నాయనా, నేను" అని చెప్పే తాకాను. పిచ్చిపిల్ల అనుకున్నారు చుట్టూ ఉన్నవాళ్లు. ఆ దుఃఖం ఈ వయసుకీ ఆరలేదు.

ఇప్పుడు బెంగళూరులోనే మహదేవపురలో ఒక ఆసుపత్రిలో మా ఆయన పక్షవాతం వచ్చి మాట లేకుండా ఉన్నాడు. అక్కడి అమ్మాయిలు కూడా శబ్దాలతో, వాసనలతో, స్పర్శతో అదే వైద్యం చేస్తున్నారు. నేను రోజూ వెళ్లి, ఏమండీ, నేనొచ్చాను అని చెప్పి చెయ్యి పట్టుకుంటాను. నాన్నకు తెలుస్తోందా అమ్మా అని మా అబ్బాయి నిన్న మంచం చివర నిలబడి అడిగాడు. తెలీదు నాయనా, మా నాయనకు తెలిసిందో లేదో తెలియకుండానే నేను ముసలిదాన్నయ్యాను, నువ్వు మాత్రం చెప్పు అన్నాను. వాడు వంగి, "నాన్నా, నేను" అని చెప్పి చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పలకలేదు. వాడు చెయ్యి వదల్లేదు.